సింహాన్ని కాస్త వదిలేద్దాం

వేదిక మీదున్న పెద్దలకు, నన్ను పిలిచిన నిర్వాహకులకు, పొద్దున్నుంచీ కదలకుండా కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. నాకిచ్చిన అంశం ‘లోగోలో రంగులు, అక్షరాలు’. వాటి సంగతి చివర్లో టైముంటే చూద్దాం. ఉండదని నా నమ్మకం.

ముందు ఒక ప్రశ్న. మీ పేరుకో లోగో చేసుకోవాలి, అందులో మీకిష్టమైన జంతువు ఉండాలి. ఏం వేస్తారు? సింహం... పులి... డేగ... మళ్లీ సింహం. నేను ఏ హాల్లో అడిగినా ఇదే వరస. సరే, వీళ్లలో సింహాన్ని నిలబడి పది నిమిషాలు చూసినవాళ్లెవరు? అదిగో, చేతులన్నీ దిగిపోయాయి. నేనడిగింది మీకేది ఇష్టమని. మీరు చెప్పింది జనం మిమ్మల్ని ఏమనుకోవాలని.

నా లోగో గాడిద. నవ్వండి, నాకు అలవాటే. గాడిద గుడ్డు దగ్గర్నుంచి అన్ని జోకులూ విన్నాను. కానీ దాని చెవులు ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? దేని దారి దానిదే. ఎదుట మనిషి మాట్లాడుతుంటే ఒక చెవి అటు ఉంటుంది, వెనక తలుపు కిర్రుమంటే రెండోది ఇటు తిరుగుతుంది. తల మాత్రం కదలదు. మూతి చుట్టూ, కళ్ల చుట్టూ పిండి అద్దినట్టు తెలుపు. లోగోలు గీసే నా వృత్తీ అలాంటిదే. క్లయింటు చెప్పేది ఒక చెవితో, పక్కన వాళ్ల అకౌంటెంటు గొణిగేది రెండో చెవితో వినాలి. అందుకే ఒక చెవి ముందుకీ, ఒకటి వెనక్కీ పెట్టి గీసుకున్నాను.

దానికి జరిగిన అన్యాయం కూడా చెప్పాలి. ఒక సభవాళ్లు, పేరెందుకులెండి, కరపత్రంలో నా లోగో వేస్తామన్నారు. గుండ్రటి గడిలో పట్టలేదట, చెవులు సగానికి కోసేశారు. కోశాక బోసిగా ఉందని మెడ మీద జూలు పెట్టారు. అచ్చయి వచ్చాక చూస్తే గుర్రం! ఫోన్ చేసి అడిగితే, ‘గుర్రమైతే గౌరవంగా ఉంటుంది కదండీ’ అన్నారు. గౌరవమట! చాళుక్యులు, కాకతీయులు, విజయనగర రాజులు పందిని రాజచిహ్నంగా పెట్టుకున్నారు. విజయనగరం బంగారు నాణేన్ని వరాహమనే పిలిచారు. అవతారం ఉంది కాబట్టి చెల్లిందంటారా? కావచ్చు. గాడిదకి అవతారం లేకపోవడం దాని తప్పా?

సరే, పనిలోకొద్దాం. బ్రౌజర్ ట్యాబ్‌లో మీ లోగోకి దొరికే చోటు అడ్డం 16, నిలువు 16 పిక్సెళ్లు, అంటే తెర మీది చుక్కలు. జూలు, మీసాలు, కోరలు అన్నీ అక్కడ మసకే. నా గాడిదకి అక్కడ మిగిలేవి చెవులే. అవి కోస్తే ఇంకేముంది? వన్యప్రాణుల్ని కాపాడే సంస్థ డబ్ల్యుడబ్ల్యుఎఫ్ లోగోలోని పాండా చూడండి. 1961లో లండన్ జూలో ఉన్న చీ-చీ అనే పాండాని చూసి తయారైన గుర్తది. నలుపు తెలుపైతే అచ్చు ఖర్చు కూడా తగ్గుతుందనుకున్నారు. ఇప్పటి గుర్తులో తల పైన, వీపు మీద అసలు గీతే లేదు. మనకి కనిపిస్తుందంతే. నల్ల మచ్చలు ఎక్కడుండాలో అక్కడ ఉన్నాయి కాబట్టి.

చీటీ వచ్చింది, చూశాను. కానీ విస్లర్ గురించి చెప్పకుండా దిగను, క్షమించాలి. అమెరికాలో పుట్టి లండన్లో స్థిరపడ్డ చిత్రకారుడు. సంతకంలో పేరు తొలి అక్షరాలు కలుస్తూ కలుస్తూ సీతాకోకచిలుక అయ్యాయి. అంతటితో ఊరుకుంటే విస్లర్ ఎందుకవుతాడు? దానికి కొండి పెట్టాడు! సీతాకోకచిలుకకి కొండేమిటండీ! 1878లో రస్కిన్ అనే పెద్ద విమర్శకుడి మీద పరువునష్టం దావా గెలిచాడు. కోర్టు ఇప్పించింది ఒక్క ఫార్దింగ్, అంటే పెన్నీలో నాలుగో వంతు. మరుసటి ఏడాదికల్లా దివాలా. 1890లో ఆ తగాదాలన్నీ పుస్తకంగా వేస్తే, పేజీల్లో ఆ సీతాకోకచిలుకలే, కొండి ఝళిపిస్తూ. రెక్కలు పురుగువి, కొండి ఆయనది. ఇంటర్నెట్లో దొరికే రెడీమేడ్ సింహంలో మీది ఏముందో చెప్పండి?

కాబట్టి ఇప్పుడే కాగితాలు తీయండి. ఫోన్లు లోపల పెట్టండి. మొత్తం జంతువు వద్దు. మీరు కళ్లారా చూసిన ఒక్క భాగం చాలు, తోకో ముక్కో అడుగు వేసే తీరో. నల్ల పెన్నుతోనే, బొటనవేలి గోరంత సైజులో. పక్కవాళ్లు అదేంటో పోల్చుకోలేకపోతే ఇంకో గీత కలపొద్దు, ఉన్నవాటిలో ఒకటి తీసేసి చూడండి.

వెనక వరసలో, ఏంటి బాబూ? బల్లి వెయ్యొచ్చా అనా? దీపం పురుగు మీదికి దూకబోయే ముందు అది తోక ఎలా ఆడిస్తుందో చూశావా? చూశావు కదా! అయితే అక్కడెందుకు, ముందుకొచ్చి బోర్డు మీదే వెయ్యి.