రైలు దాటిపోయాక ఉబెరాబా ఏం చేసింది?

పెద్దలకు, రైతులకు, పశువైద్య విద్యార్థులకు నమస్కారం.

ఒంగోలులో నిలబడి ఒంగోలు గిత్త గురించి మీకు చెప్పేంత ధైర్యం నాకు లేదు. అందుకే ఆ గిత్త వెళ్లి చేరిన ఊరి గురించి మాట్లాడతాను. దాని పేరు ఉబెరాబా. బ్రెజిల్ లోపలి భాగంలో, మీనస్ జెరాయిస్ రాష్ట్రానికి పడమటి కొసన ఉంటుంది. సముద్రం వందల కిలోమీటర్ల దూరం. 2022 లెక్కల్లో జనాభా సుమారు 3.37 లక్షలు.

దగ్గర్లోని దెసెంబోకెలో బంగారం అయిపోయాక పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరిది. మేజర్ యుస్తాకియో అనే ఆయన పూనుకుని నిలబెట్టాడు. 1820లో చర్చి పరగణాగా గుర్తింపు వచ్చింది, 1856లో నగరం హోదా. మధ్యలో ఊరిని బతికించింది ఉప్పు. లోపలి ప్రాంతాల పశువులకు ఉప్పు కావాలి, అది తీరం నుంచి ఎడ్లబండ్ల మీద రావాలి. గోయాస్ వైపు వెళ్లే దారిలో ఉబెరాబా ఉంది. సరుకు ఇక్కడ దిగేది, ఇక్కడి నుంచి లోపలికి కదిలేది. మన సంత ఊళ్లు ఎలా పెరిగాయో మీకు తెలుసు, ఇదీ అంతే.

1889లో మొజియానా అనే కంపెనీ రైలు వచ్చింది. పట్టాలు అక్కడితో ఆఖరు. ఆఖరి స్టేషన్ ఉన్న ఊరి షావుకారుకు ఇంకేం కావాలి? కానీ ఆ భోగం ఆరేడేళ్లే. 1895 కల్లా పట్టాలు ఇప్పటి ఉబెర్లాండియా దాకా, ఆ మరుసటి ఏడు అరగ్వారీ దాకా వెళ్లాయి. సరుకు ఉబెరాబాలో దిగడం మానేసింది. రైలు రాకపోతే ఊరు చచ్చిపోతుందంటారు గానీ, రైలు వచ్చి ముందుకు వెళ్లిపోతే వచ్చే కష్టం గురించి ఎవరూ చెప్పరు.

చేతిలో డబ్బుంది, వ్యాపారం లేదు. అప్పుడు పశువుల మీద పడ్డారు. అక్కడి గడ్డి నేలల్లో యూరప్ రక్తం పశువులు ఎండకు సొలసిపోయేవి, పిడుదులకు చిక్కిపోయేవి. మూపురం, వేలాడే గంగడోలు, పల్చని వెంట్రుకలు ఉన్న మన పశువు ఆ ఎండలోనే నిమ్మళంగా మేస్తుంది. అంతకు ముందే, 1893లో, తెయోఫిలో ద గోదోయ్ అనే ఆయన పశువుల కోసం ఇండియాకు ఓడెక్కాడు. ఆయన దారిలో ఇంకా చాలామంది వచ్చారు. గిర్, కాంక్రేజ్, ఒంగోలు, అన్నీ కొన్నారు. వాళ్లు తీసుకెళ్లింది ఒక్క మన జాతినే అనుకోవడం మనకున్న ముచ్చట అంతే. మనదాన్ని వాళ్లు 'నెలోర్' అన్నారు. మన నెల్లూరే!

సావో పాలో చదువుకున్నవాళ్లు ఈ మూపురం పశువుల్ని ఎద్దేవా చేశారు. జాతి పాడవుతుందన్నారు. 1920లో మరో దెబ్బ. బ్రెజిల్ వెళ్లే మన పశువులు బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో ఆగితే, వాటితోపాటు ముసర వ్యాధీ దిగింది, మందలకు మందల్ని చంపిన అంటురోగం అది. ఆ గొడవతోనే 1924లో పారిస్‌లో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ పుట్టింది. విద్యార్థులు ఇది గుర్తుపెట్టుకోండి, పరీక్షలో రాకపోయినా పనికొస్తుంది. 1921లో ముసర బ్రెజిల్‌లోనూ కనిపించడంతో దిగుమతులు ఆపేశారు.

ఉన్నవాటితోనే ఉబెరాబా వాళ్లు 'ఇందుబ్రెజిల్' అనే కొత్త జాతిని తయారుచేశారు. దాని చెవులు చూడాలి. చేటలంత, దవడ దాటి వేలాడుతుంటాయి. చెవి ఎంత పొడుగైతే అంత రేటు! మాంసం ఎంత, ఈతలు ఎన్ని అని అడిగినవాడు వెర్రివాడు. అప్పు చేసి మరీ గిత్తలు కొన్నారు. 1940ల నడుమ ఆ బుడగ పగిలింది, గొప్ప గొప్ప కుటుంబాలు దివాలా తీశాయి. మన రొయ్యల చెరువుల సంగతి తెలిసినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

తట్టుకుని నిలబడ్డానికి కారణం, నా లెక్కలో, రిజిస్టరు. 1934లో సంఘం పెట్టుకున్నారు, 1938లో వంశావళి రాయడం మొదలుపెట్టారు. ఏ దూడకు తల్లెవరు, తండ్రెవరు అన్నది కాగితం మీద ఉంటుంది. 1941లో ప్రదర్శన మైదానాన్ని దేశాధ్యక్షుడు వర్గాస్ వచ్చి ప్రారంభించాడు. ఏటా ఏప్రిల్ చివర, మే మొదట్లో జరిగే 'ఎక్స్‌పోజెబు' పశు ప్రదర్శనకు ఇప్పటికీ అదే చోటు. మనకూ మంచి గిత్తలుండేవి, మనకూ పోటీలుండేవి. వాళ్లంతగా కాగితం పెట్టలేదు.

చివరి పెద్ద దిగుమతి 1960ల మొదట్లో. పశువుల్ని ముందు సముద్రం నడుమ ఫెర్నాండో ద నోరోన్యా దీవిలో దింపి, రోగాలు లేవని తేలాకే లోపలికి వదిలారు. ముసర నేర్పిన పాఠం అది. ఇవాళ బ్రెజిల్ మాంసపు మందలో అత్యధికం నెలోర్ రక్తమే. మనం దుక్కికి, బండికి పెంచినదాన్ని వాళ్లు కోతకు పెంచారు. వినడానికి కష్టంగా ఉంటుంది, కానీ జరిగింది అదే. 2023 వేలంలో వియాతీనా-19 అనే నెలోర్ ఆవు విలువ 2.1 కోట్ల బ్రెజిల్ రియాల్స్ దాకా పోయింది. అది ఒంగోలు ఆవు అని మన పేపర్లు మురిసిపోయి రాశాయి. ఒకప్పుడు ఒంగోలు ఆవే. ఇన్ని తరాల ఎంపిక తర్వాత అది ఉబెరాబా లాంటి ఊళ్లు తీర్చిదిద్దిన ఆవు.

1960ల్లో వెళ్లినవాటిలో ఒక గిత్త ఉంది. నెలోర్ వంశావళుల్లో అది కనిపించని పేజీ వెతకాల్సిందే. దాని పేరు కరవది. మీ పక్క ఊరే. అక్కడివాళ్లు 'ది'ని 'జి' అని పలుకుతారు కాబట్టి, ఉబెరాబాలో దాన్ని 'కర్వాజి' అంటారు. కరవది నుంచి ఎవరైనా వచ్చారా? ఓసారి చెయ్యెత్తండి.