కేసు కొట్టేశారా?

మిత్రులారా, పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారి దగ్గర జూనియర్‌గా ఉన్న రోజుల్లో నేను చూసిన ఒక కేసుతో మొదలుపెడతాను. హత్య కేసు, ఒక్కడే ముద్దాయి. సాక్షులంతా అయిపోయారు, వాదనలకు వాయిదా పడింది. ఈలోగా ముద్దాయి గుండెపోటుతో పోయాడు. డెత్ సర్టిఫికెట్ దాఖలైంది. జడ్జిగారు రెండు వాక్యాల ఆర్డరు చెప్పారు, బెంచి క్లర్కు కట్ట మీద ‘అబేటెడ్’ అని రాసి పక్కన పెట్టాడు. హతుడి భార్య వరండాలో నన్ను ఆపింది. "కేసు కొట్టేశారా బాబూ?"

మన వాడుకలో కేసుకు రెండే గతులు. శిక్ష పడుతుంది, లేదా కొట్టేస్తారు. ఇది రెండూ కాదు. దీనికి మాట నాకూ తట్టలేదు.

ఈ చిక్కే లోకమంతా చూస్తుండగా హేగ్‌లో వచ్చింది. యుగొస్లావియా మాజీ అధ్యక్షుడు స్లొబొదాన్ మిలోషెవిచ్ మీద ఐక్యరాజ్యసమితి యుద్ధనేరాల ట్రిబ్యునల్‌లో విచారణ 2002 ఫిబ్రవరి 12న మొదలైంది. కొసోవో, క్రొయేషియా, బోస్నియాల్లో జరిగిన నేరాలకు కలిపి 66 అభియోగాలు. బోస్నియా విషయంలో జాతిహననం కూడా. ఆ ట్రిబ్యునలే చెల్లదన్నాడాయన. అంటూనే సాక్షులను తానే రోజుల తరబడి క్రాస్ ఎగ్జామిన్ చేశాడు. లా చదివినవాడు, ఆ పని బాగానే చేశాడు. ఒంట్లో బాగోలేక వాయిదాల మీద వాయిదాలు. డిఫెన్స్ సాక్ష్యం చివరికొస్తుండగా 2006 మార్చి 11న జైలు గదిలో చనిపోయి కనిపించాడు. మూడు రోజులకు విచారణ ముగిసిందని ప్రకటించారు. నాలుగేళ్ల పనికి తీర్పు లేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ప్రాసిక్యూషన్ సాక్ష్యం అయ్యాక, సాక్ష్యమేమీ లేకపోతే ముద్దాయిని అక్కడే వదిలేసే మన పాత సీఆర్‌పీసీ 232 సెక్షన్ (ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 255) లాంటి దశలో, 2004 జూన్ 16న ఆ జడ్జీలు ఒక ఆర్డరిచ్చారు. జాతిహననం అభియోగాన్ని కూడా అక్కడే కొట్టేయడానికి ఒప్పుకోలేదు, నమ్మితే శిక్ష వేయదగ్గ సాక్ష్యం ఉందన్నారు. అది దోషి అన్న మాట కాదు. కాకపోతే ఊరికే పోయే మాటా కాదు.

తీర్పు లేని చోట ఎవరికి కావలసింది వాళ్లు రాసుకుంటారు. 2016లో అదే ట్రిబ్యునల్‌లో బోస్నియా సెర్బుల నాయకుడు కరాజిచ్ కేసు తీర్పు వచ్చింది. బోస్నియాలో సెర్బులు కానివాళ్లను వెళ్లగొట్టే ఉమ్మడి పథకానికి మిలోషెవిచ్ ఒప్పుకున్నాడనడానికి ఈ కేసులో వచ్చిన సాక్ష్యం చాలదని అందులో ఒక పేరా ఉంది. ‘ఈ కేసులో’ అన్న మాట వదిలేసి, మిలోషెవిచ్ నిర్దోషి అని తేలిపోయిందంటూ కొందరు చాటింపు వేశారు. ముద్దాయే కాని మనిషి, వేరేవాడి కేసులో నిర్దోషిగా ఎలా తేలతాడండీ? 2021లో సెర్బియా రహస్య పోలీసు అధికారులు స్టానిషిచ్, సిమాటొవిచ్‌ల కేసులో తీర్పు నేరపూరిత ఉమ్మడి పథకంలో మిలోషెవిచ్ పేరు చెప్పింది. అదీ ఆయనకు పడిన శిక్ష కాదు. ఆ పేరా పట్టుకున్నవాళ్లు దీన్ని మాత్రం చదవలేదు.

ఆ వరండాలో నేను చివరికి ఇంతే అనగలిగాను. "కొట్టేయలేదమ్మా, ఆగిపోయింది." ఆమె కాసేపు నిలబడి, "మరి కోర్టులో పెట్టిన మా ఆయన వాచీ?" అంది. తిరిగి ఇమ్మని పిటిషన్ వేశాం. నెలలోపే ఆర్డరు వచ్చింది.