రెయిలింగ్ కోసేశాను, మళ్లీ కోస్తాను: మీ డిస్ట్రాయర్ చుట్టూ ఉన్నది పచ్చి అబద్ధం!

తిట్లు ఒక్క నిమిషం ఆపండి. ముందు నేను చెప్పేది వినండి, ఆ తరువాత మీ ఇష్టం.

గత వీడియో చూడనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా డిస్ట్రాయర్ (వేగంగా పోయే చిన్న యుద్ధనౌక), ఫ్లెచర్ తరగతి (ఒకే నమూనాలో కట్టిన నౌకలు), 350వ వంతు మోడల్. ఎనిమిది నెలలు కూర్చుని కట్టాను. పూర్తయిన రోజున కెమెరా ముందు బ్లేడు తీసుకుని డెక్కు చుట్టూ ఉన్న ఇత్తడి రెయిలింగ్ మొత్తం కోసి పారేశాను. అంతే! "మతి పోయింది" అన్నవారు ఒకరు. "చేతకానితనానికి సిద్ధాంతం అని పేరు పెడుతున్నాడు" అన్నవారు ఇంకొకరు. "ఇల్లు కట్టి పిట్టగోడ కూల్చినట్టుంది" అని మరొకరు. ఈ చివరి మాట బాగుంది, ఒప్పుకుంటాను. ఇంకొకరెవరో మాత్రం మహా తెలివిగా, "అన్నీ కోశారు కదా, బ్రిడ్జి పక్కన ఆ చిన్న ముక్క ఎందుకు వదిలేశారు?" అని అడిగారు. బ్రిడ్జి అంటే నౌకను నడిపే గది. ఆ సంగతికి తరువాత వస్తాను.

ఇప్పుడు అసలు మాట. మీరు మోడల్‌కు ఎంత ఎక్కువ వివరం అతికిస్తే అది నిజమైన నౌకకు అంత దూరం అవుతుంది. అవును, దూరమే అవుతుంది! కోపం వచ్చిందా? రానివ్వండి. ఒక కాగితం, పెన్సిలు తెచ్చుకోండి.

నిజమైన ఫ్లెచర్ డెక్కు అంచున ఏముంటుంది? నిలువుగా సన్నని ఇనుప కడ్డీలు, వాటి గుండా లాగి కట్టిన ఉక్కు తీగతాళ్లు. చిటికెన వేలంత లావు కూడా ఉండవు. మరి మనం బిగించేది ఏమిటి? రసాయనంతో కొరికించి తయారుచేసే ఫొటో ఎచ్ ఇత్తడి రేకు. ఎంత పలుచనిదైనా 0.1 మిల్లీమీటరు మందం ఉంటుంది. 350తో గుణించండి. 35 మిల్లీమీటర్లు. మూడున్నర సెంటీమీటర్లు! ఆగండి, ఇంకా రంగు వేయలేదు. ప్రైమర్, రంగు, వార్నిష్ అన్నీ కలిసి ఒక్కో వైపు 0.05 మిల్లీమీటరు పేరుకుంటే మీ తీగ ఏడు సెంటీమీటర్ల లావు గొట్టం అవుతుంది. అది యుద్ధనౌక రెయిలింగా, పశువుల కొట్టానికి వేసిన కంచా? గోరంతను కొండంత చేయడం అంటారే, మనం అచ్చంగా అదే చేస్తున్నాము. పైగా దానికి "ఖచ్చితత్వం" అని పేరు పెట్టుకున్నాము.

మన తల వెంట్రుక ఒకటి తీసుకుని డెక్కు మీద పెట్టండి. సుమారు 0.07 మిల్లీమీటరు అనుకుందాము. ఆ స్కేలులో అది దాదాపు రెండున్నర సెంటీమీటర్ల మోకు. వెంట్రుకే మోకు అవుతున్న లోకంలో మీరు ఇత్తడితో ఏమి చేద్దామని?

పొట్టు, అంటే నౌక దేహం. దాని మీది పలకల అతుకుల సంగతీ అంతే. కిట్ తయారీదారులు ప్లాస్టిక్ మీద గీతలు ఉబ్బెత్తుగా పోస్తారు, మనమేమో ఆ గీతల అంచుల్లో నల్ల రంగు నింపి మరీ చూపిస్తాము. పదో వంతు మిల్లీమీటరు గీత అంటే నౌక పక్కన మూడున్నర సెంటీమీటర్ల మెట్టు! జపాన్ డిస్ట్రాయర్లు కట్టేవారు నవ్వకండి, మీ వంతూ ఉంది. ఆ నౌకల డెక్కుల మీద లినోలియం అనే గోధుమ రంగు నేలపరుపు పరిచి ఇత్తడి పట్టీలతో బిగించేవారు. కిట్లలో ఆ పట్టీలు రైలు పట్టాల్లా లేచి ఉంటాయి. వాటిని గీకి చదును చేసి, రంగుతో సన్నని గీత మాత్రం గీసినవారిని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఇక "కళ్లకు కనిపిస్తుంది కదా, పెట్టకపోతే ఎలా" అనేవారికి. మోడల్‌ను మీరు ఎంత దూరం నుంచి చూస్తారు? ముప్పై సెంటీమీటర్లు అనుకుందాము. 350తో గుణిస్తే 105 మీటర్లు. అంటే మీరు ఎప్పుడూ నౌక ఎక్కి నిలబడటం లేదు, వంద మీటర్ల అవతల నీళ్ల మీద నుంచి చూస్తున్నారు. అంత దూరంలో మూడు సెంటీమీటర్ల ఎడమున్న రెండు చుక్కలను విడివిడిగా పోల్చుకుంటే అది మంచి చూపు కింద లెక్క. దూరపు కొండలు నునుపు అని పెద్దలు ఊరికే అనలేదు. మోడల్ అంటేనే దూరపు కొండ. దాని నునుపును మనమే చెడగొడుతున్నాము.

సరే, న్యాయంగా ఒక్క మాట. కరెంటు తీగలు అంత దూరం నుంచి కూడా కనిపిస్తాయి కదా అని ఒకరు రాశారు. నిజమే. సన్నని గీత ఆకాశం ముందు లీలగా కనిపిస్తుంది. లీలగా! కిటికీ ఊచల్లా కాదు. నాకు కావలసింది ఆ లీలే. అది ఇత్తడితో రాదు. ప్లాస్టిక్ చట్రం ముక్కను కొవ్వొత్తి మంట మీద వేడిచేసి లాగితే వెంట్రుక కంటే సన్నని పోగు వస్తుంది. 0.03 మిల్లీమీటరు పోగు దొరికితే ఆ స్కేలులో సెంటీమీటరు లావు తాడు. అదీ నిజం! నా స్తంభాల మధ్య కట్టిన తాళ్లన్నీ అలా లాగినవే. "మరి రెయిలింగ్ కూడా దానితోనే చేయవచ్చు కదా" అంటారా? ప్రయత్నించాను. ఒక రాత్రంతా కూర్చుని రెండు పోగులు కట్టాను. ఒక్క తుమ్ముతో రెండూ పోయాయి. ఎక్కడికి పోయాయో ఇప్పటికీ తెలియదు.

వివరం అంటే నాకు పగ అనుకోకండి. ఫ్లెచర్ మీద ఐదు అంగుళాల ఫిరంగులు ఐదు. "38 క్యాలిబర్" అంటే గొట్టం పొడవు దాని నోటి వెడల్పుకు 38 రెట్లు అని అర్థం, అంటే 4.8 మీటర్లు. మోడల్‌లో పద్నాలుగు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. నోటి వెడల్పు 0.36 మిల్లీమీటరు. లేతు మీద తిప్పిన ఇత్తడి గొట్టం ఇంత కొలతకు సరిగ్గా దొరుకుతుంది. పెట్టండి, నేనూ పెట్టాను! కొలత కుదిరినది నిజం, కుదరనిది నగ. నా గొడవంతా ఇదే. 48వ వంతులో కడితే రెయిలింగ్ పెట్టి తీరాలి, ఎందుకంటే అక్కడ పావు మిల్లీమీటరు తీగ అంటే పన్నెండు మిల్లీమీటర్ల తాడు, చక్కగా కుదురుతుంది. అమెరికా నౌకాదళం తన ప్రదర్శన నమూనాలకు ప్రామాణికంగా పెట్టుకున్న స్కేలు అదే. కాకపోతే ఫ్లెచర్ అప్పుడు దాదాపు రెండు మీటర్ల నలభై సెంటీమీటర్లు అవుతుంది. మంచం మీద నౌకను పడుకోబెట్టి మీరు నేల మీద పడుకోవాలి.

ఇప్పుడు నా బ్రహ్మాస్త్రం. యుద్ధకాలంలో అదే అమెరికా నౌకాదళం తన సిబ్బందికి నౌకలను గుర్తుపట్టడం నేర్పడానికి 1200వ వంతు నమూనాలు వాడింది. డిస్ట్రాయర్ అంటే అరచేతిలో పట్టేంత, తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. శత్రువు ఎవరో, మనవాడు ఎవరో తేడా తెలియకపోతే ప్రాణాలు పోయే మనుషులు వాటిని చూసి నేర్చుకున్నారు. వాటి మీద రెయిలింగ్ ఉందా? లేదు! పొట్టు వంపు, పొగగొట్టాల వరుస, బ్రిడ్జి ఆకారం, అంతే. చావుబతుకుల మధ్య ఉన్నవారికి అది చాలింది. మనకు చాలడం లేదు. కందకు లేని దురద కత్తిపీటకు ఎందుకు?

జాన్‌స్టన్ సంగతి చూడండి. 1944 అక్టోబర్ 25న ఫిలిప్పీన్స్‌లోని సమార్ దగ్గర తనకంటే ఎన్నో రెట్లు పెద్దవైన జపాన్ యుద్ధనౌకల మీదికి దూకి మునిగిన ఫ్లెచర్ అది. కమాండర్ ఎర్నెస్ట్ ఎవాన్స్, 327 మంది సిబ్బంది, బతికి బయటపడింది 141 మంది. ఇది చెప్పేటప్పుడు నా గొంతు మారుతుంది, మన్నించండి. శిథిలాలు 2019లో కనిపించాయి. కానీ అదే యుద్ధంలో హోయెల్ కూడా మునిగింది, అదీ ఫ్లెచరే. ఏది ఏదో తేలలేదు. 2021లో 6,456 మీటర్ల లోతుకు మనిషి దిగి చూస్తే ముక్కు మీద అంకెలు కనిపించాయి: 557. తేలిపోయింది, జాన్‌స్టన్! నౌకకు ముఖం ఉంటుంది. మనం చూడవలసినది ఆ ముఖాన్ని.

మరి రెయిలింగ్ కోసం నెల రోజులు పట్టకారు పట్టుకుని కూర్చునేవారు ముఖాన్ని ఏమి చేస్తున్నారు? ఫ్లెచర్లు మొత్తం 175. ముందు కట్టినవాటికి బ్రిడ్జి ముందు భాగం గుండ్రంగా ఉంటుంది, తరువాతివాటికి పలకగా ఉంటుంది. గుండ్రని బ్రిడ్జి కిట్ కొని, కిడ్ అనే నౌక నంబరైన 661 అంకెల డెకాల్ (అతికించే పలుచని అచ్చు) అంటించి "ఇదిగో కిడ్" అని ప్రదర్శనలో పెడతారు. కిడ్ బ్రిడ్జి పలక! ఆ నౌక మ్యూజియంగా మిగిలింది కాబట్టి సరిచూసుకోవడం కష్టమేమీ కాదు. చుట్టూ రెయిలింగ్ మాత్రం కడ్డీ కడ్డీకీ లెక్క సరిపోతుంది.

ఇంకా దారుణం రంగు గీత. "మెజర్ 22" అనే రంగుల పథకంలో పొట్టు కింది భాగం నేవీ బ్లూ, పై భాగం హేజ్ గ్రే. రెండింటి మధ్య గీత ఎలా ఉండాలి? డెక్కు అంచు అన్నింటికంటే కిందికి వంగిన చోటు ఎంత ఎత్తులో ఉందో, ఆ ఎత్తులో నీటి మట్టానికి సమాంతరంగా, బల్లపరుపుగా సాగాలి. దిగంతంలో కలిసిపోవాలని వేసిన గీత అది. దాన్ని డెక్కు అంచు వెంబడి ముక్కు వైపు పైకి లేపి వేస్తారు! మూడు మీటర్ల అవతలి నుంచి కనిపించే తప్పు. ఈ తప్పు చేసినవారే నా దగ్గరకు వచ్చి "మీ నౌకకు రెయిలింగ్ లేదు" అంటారు.

రంగు అన్నాను కాబట్టి ఒక ముక్క. ఆ కాలపు నేవీ బ్లూలో ఊదా ఛాయ ఉంటుంది. తెల్లని మూల రంగులో ఊదా-నీలి గాఢ ద్రవ్యం కలిపి రకరకాల ఛాయలు తయారుచేసేవారు. 1945 ఆరంభంలో ఆ వర్ణద్రవ్యానికి కొరత వచ్చి, ఊదా ఛాయ లేని మామూలు బూడిద రంగులకు మళ్లారు. అందుకే 1943 నాటి నౌకకు పొడి బూడిద రంగు వేస్తే నాకు పళ్లు పులుస్తాయి. నేనే మొదటి పొట్టుకు అలా వేశాను. పైగా సూపర్‌గ్లూ ఆవిరి పట్టి ముక్కు దగ్గర తెల్లని బూజులా మచ్చ వచ్చింది. ఆ పొట్టు ఇప్పుడు రంగు పరీక్షలకు పనికివస్తోంది.

మరి ఇంత తెలిసినవారు కూడా ఇత్తడి వెంట ఎందుకు పడుతున్నారు? నా సిద్ధాంతం ఒకటే: దీనికంతటికీ కారణం కెమెరా. ఫోను కెమెరా మోడల్‌కు రెండు అంగుళాల దగ్గరికి వెళుతుంది. అక్కడ వంపు కనిపించదు, నిష్పత్తి కనిపించదు, తెర నిండా రెయిలింగే కనిపిస్తుంది. మెచ్చుకోళ్లు దానికే వస్తాయి. పోటీల్లో న్యాయనిర్ణేతలు టార్చిలైటు వేసి లెక్కపెట్టేదీ దాన్నే. వంపును లెక్కపెట్టలేరు, కడ్డీలను లెక్కపెట్టవచ్చు. లెక్కకు వచ్చేదే గొప్పదైపోయింది. "నీ ఛానల్ కూడా కెమెరాతోనే కదా నడుస్తోంది" అంటారు, తెలుసు. అందుకే ఈ రోజు మొత్తం ముప్పై సెంటీమీటర్లకు తగ్గకుండా తీస్తున్నాను, దగ్గరికి వెళ్లను.

ఇదిగో, పక్కపక్కన పెట్టాను. ఎడమ వైపు రెయిలింగ్ ఉన్న పాత మోడల్, కుడి వైపు కోసినది. కళ్లు సగం మూసి చూడండి. ఏది నీళ్ల మీద పరుగెత్తేలా ఉంది? ఏది పంజరంలో కూర్చుంది?

ఇక ఆ బ్రిడ్జి పక్కన మిగిలిన ముక్క. అడిగినవారి కళ్లకు దండం. అది కూడా ఇత్తడే. అది కూడా ఏడు సెంటీమీటర్ల గొట్టమే. నా లెక్క ప్రకారం అబద్ధమే. కానీ ఆ వంపు కుదరడానికి నాలుగు రాత్రులు పట్టింది. మూడు సార్లు విరిగింది, నాలుగోసారి జిగురు చుక్క కనిపించకుండా, వంకర లేకుండా కూర్చుంది. ఎనిమిది నెలల్లో అలా కూర్చున్న ముక్క అదొక్కటే. బ్లేడు రెండు సార్లు దాని దాకా తీసుకువెళ్లాను. గత వీడియోలో అక్కడ ఎడిటింగ్ కోత ఒకటి ఉంటుంది, గమనించారో లేదో. ఆ కోతలో నేను లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను.