అసిటోన్ సీసాలో ఎన్ని మోల్స్? లేబుల్ ఏం చెబుతోంది?

[స్క్రీన్ మీద: ల్యాబ్ బల్ల, అర లీటరు అసిటోన్ సీసా]

నమస్తే. మోల్ అంటే అణువుల్ని లెక్కపెట్టే ఒక కొలమానం. ఇంటర్ ఫస్టియర్‌లో మోల్ లెక్కలు మార్కుల కోసం చేసేసి వదిలేస్తాం. ఈరోజు అదే లెక్కతో ఈ సీసా లేబుల్‌ని చదువుదాం.

అసిటోన్ అంటే నెయిల్ పాలిష్ తుడిచే ద్రవాల్లో వాడేదే. దాని అణువులో 3 కార్బన్లు, 6 హైడ్రోజన్లు, 1 ఆక్సిజన్. వాటి పరమాణు బరువులు 36, 6, 16 కలిపితే 58. అంటే 58 గ్రాములు ఒక మోల్. సీసాలో ఉన్నది 500 మిల్లీలీటర్లు. దాన్ని నేరుగా 58తో భాగించకండి, చాలామంది తప్పేది ఇక్కడే! సాంద్రత 0.79తో గుణిస్తే 395 గ్రాములు. ఇప్పుడు భాగిస్తే సుమారు 6.8 మోల్స్.

[స్క్రీన్ మీద: ఒలికిన ద్రవం, పైకి లేస్తున్న ఆవిరి]

ఇదంతా ఒలికి ఆవిరైపోయిందనుకోండి. 25 డిగ్రీల దగ్గర ఒక మోల్ ఆవిరి దాదాపు 24.5 లీటర్లు. 6.8 మోల్స్‌కి 167 లీటర్లు. గాలిలో అసిటోన్ ఆవిరి 2.5 శాతం ఉంటే చాలు, నిప్పురవ్వకి అంటుకుంటుంది. ఆ లెక్కన అర లీటరు సీసా సుమారు 6,700 లీటర్ల గాలిని మండేలా చేయగలదు. ఒక చిన్న బాత్‌రూమ్ మొత్తం అన్నమాట. నాకైతే సిలబస్‌లో ఇంతకంటే ముఖ్యమైన లెక్క కనిపించదు.

[స్క్రీన్ మీద: లేబుల్ దగ్గరగా]

ఎర్ర అంచు డైమండ్, లోపల నల్లటి మంట. పక్కన ‘డేంజర్’ అనే మాట, హెచ్225 అనే కోడ్. ద్రవమూ ఆవిరీ రెండూ చాలా తేలిగ్గా మండుతాయని ఆ కోడ్‌కి అర్థం. ద్రవం నుంచి నిప్పురవ్వకి అంటుకునేంత ఆవిరి వచ్చే కనీస ఉష్ణోగ్రతని ఫ్లాష్ పాయింట్ అంటారు. అసిటోన్‌కి అది దాదాపు మైనస్ 20 డిగ్రీలు. విశాఖలో ఎంత చలి రాత్రైనా దానికి చాలా పైనే ఉంటాం.

మోల్ బరువు ఇంకో సంగతి కూడా చెబుతుంది. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్‌కి మోల్ బరువు 104. గాలికి సగటున 29. అంటే ఆ ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లు బరువు. అందుకే అలాంటి ఆవిరి నేలబారుగా పాకుతుంది. ఆ రోజు ప్రాణాలు తీసింది మంట కాదు, విషం. కానీ స్టైరీన్ మండుతుంది కూడా. దాని ఫ్లాష్ పాయింట్ 31 డిగ్రీలు, మన వేసవి మధ్యాహ్నాలు సులువుగా దాటేస్తాయి.

ఒలికితే ఫ్యాన్ స్విచ్ ముట్టుకోకండి, కిటికీలు తెరిచి బయటికి రండి. పెద్ద సీసాలోంచి చిన్నదాంట్లోకి వంపితే పేరు, మంట గుర్తు, తేదీ వెంటనే రాసి అంటించండి. నీళ్ల బాటిల్‌లో మాత్రం ఎప్పుడూ పోయకండి.