కోడూరు పేరు మోసే రాయి: లూయిస్ ఫెర్మర్‌పై చర్చ

(విజయనగరం స్టూడియోలో జరిగిన చర్చ నుంచి. పాల్గొన్నవారు: విశ్రాంత భూగర్భశాస్త్ర అధ్యాపకుడు, గరివిడి ప్రాంతపు మాజీ గని మేస్త్రీ, శ్రీకాకుళానికి చెందిన పరిశోధక విద్యార్థిని.)

వ్యాఖ్యాత: నమస్కారం. చీపురుపల్లి, గరివిడి, గర్భాం పేర్లు చెప్తే మాంగనీసు గుర్తుకొస్తుంది. ఆ గనుల రాళ్లను పట్టి పట్టి చూసిన సర్ లూయిస్ లీ ఫెర్మర్ గురించి ఈ రోజు చర్చ. మాష్టారూ, ఎవరీయన?

అధ్యాపకుడు: 1880లో లండన్‌లో పుట్టారు. 1902లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరారు, 1932 నుంచి 1935 దాకా దానికి డైరెక్టరు. 1934లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1954లో కన్నుమూశారు. పదవుల సంగతి ఇంతే చాలు. భారతదేశపు మాంగనీసు ఖనిజాల మీద 1909లో ఆయన వెలువరించిన నివేదిక ఉంది, వెయ్యి పేజీలు దాటినది. అందులో మన ఊళ్లున్నాయి. దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే 1892లో, అప్పటి విశాఖపట్నం జిల్లాలో, గరివిడి దగ్గరి ఈ కోడూరు వైపున. అప్పటికి ఫెర్మర్‌కి పన్నెండేళ్లు.

వ్యాఖ్యాత: మేస్త్రీ గారూ, మీ కుటుంబమంతా గనిలోనే కదా?

మేస్త్రీ: అవునండి. మా తాత, మాయమ్మ ఇద్దరూ గనిలోనే పంచేసినారు. మాయమ్మ తట్టతో మట్టి మోసీది, రాయేరీది. నల్ల రాయైతే సేతిలో బరువును బట్టే తెలిసిపోద్దండి. తెల్ల మట్టి తగిలితే మాత్రం సుద్దొచ్చిందని పక్కన పారబోసీవోరు.

అధ్యాపకుడు: ఆ పారబోసిన సుద్దలోనే ఫెర్మర్‌కి ఆధారం దొరికింది బాబూ! ఖనిజం ఎంతుందని లెక్కేసి ఊరుకోలేదాయన. ఇదంతా ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగారు. లోపల పాడవకుండా మిగిలిన రాయిని చూస్తే పొటాష్ ఫెల్డ్‌స్పార్, మాంగనీసున్న గార్నెట్, అపటైట్ అనే మూడు ఖనిజాలు కనిపించాయి. ఆ గార్నెట్‌కి స్పాండైట్ అని, మొత్తం శిలకి మన ఊరి పేరు మీద కోడూరైట్ అని పేరు పెట్టారు. నేలలోకి ఇంకిన నీళ్లు ఆ రాయిని కాలక్రమంలో మార్చేస్తే ఫెల్డ్‌స్పార్ తెల్ల మట్టయింది, గార్నెట్‌లోని మాంగనీసు నల్ల ఖనిజంగా పేరుకుంది. సుద్ద, ఖనిజం రెండూ ఒకే తల్లి బిడ్డలు.

విద్యార్థిని: నేనొకటి కలుపుతాను సార్. ఆ అపటైట్‌లో భాస్వరం ఉంటుంది. అందుకే మన ఖనిజంలో భాస్వరం ఎక్కువ. మాంగనీసు వాడేది ఎక్కువగా ఉక్కు తయారీలోనే. భాస్వరం ఎక్కువైతే ఆ ఉక్కు పెళుసవుతుంది కాబట్టి, నాగ్‌పూర్, బాలాఘాట్ ఖనిజంతో పోలిస్తే మనదానికి ధర తక్కువ పలికేది. అక్కడి మూలశిల వేరు. దానికి గోండుల పేరు మీద గోండైట్ అని పెట్టిందీ ఫెర్మరే.

మేస్త్రీ: మా సరుకుకి రేటు తక్కువంటే కూలోళ్లు సరిగ్గా ఏరలేదని తిట్టీవోరమ్మా. రాయిలోనే ఉందన్నమాట.

విద్యార్థిని: రాయిలోనే ఉంది మేస్త్రీ గారూ. ఎంత జాగ్రత్తగా ఏరినా ఆ భాస్వరం పూర్తిగా పోదు.

వ్యాఖ్యాత: మరి ఆయన చెప్పినవన్నీ నిలబడ్డాయా?

అధ్యాపకుడు: లేదు. గోండైట్ ఒకప్పటి అవక్షేపమని, అంటే నీటి అడుగున పొరలుగా పేరుకున్న మట్టీ ఇసుకా లాంటిదని, వేడికీ ఒత్తిడికీ మారిందని ఆయనే అన్నారు. కోడూరైట్ మాత్రం శిలాద్రవం చల్లారి ఏర్పడిందన్నారు. తర్వాత ఈ కొండల్లో తిరిగిన పరిశోధకులు చాలామంది ఒప్పుకోలేదు. చుట్టూ ఉన్న ఖోండలైట్ అనే తూర్పు కనుమల రాయి, సున్నపు శిలల మాదిరే ఇదీ పాత అవక్షేపమేనని, దాంట్లోకి గ్రానైట్ పదార్థం చొరబడి ఇలా మారిందని వాదించారు. నాకూ అదే సబబనిపిస్తుంది. అయినా వాళ్లు వాదించడానికి ఎదురుగా అంత వివరమైన వర్ణన పెట్టింది ఫెర్మరే.

విద్యార్థిని: గరివిడిలో, నాగ్‌పూర్ దగ్గర బెల్డోంగ్రిలో దొరికిన అయస్కాంత గుణమున్న ఖనిజానికి తన సహోద్యోగి పేరుతో వ్రెడెన్‌బర్గైట్ అన్నారు. తీరా చూస్తే అది ఒకే ఖనిజం కాదు, రెండు ఖనిజాల అల్లిక. రాయిని బాగా మెరుగు పెట్టి సూక్ష్మదర్శిని కింద చూస్తేగానీ తేలలేదది.

అధ్యాపకుడు: ఇంకో మాట గట్టిగా చెప్పాలి. మన నేల మీద మట్టి మందం. గోతులు తవ్వకపోతే ఫెర్మర్‌కి లోపలి రాయి కనిపించేదే కాదు. మేస్త్రీ గారి తాతలాంటివాళ్లు తవ్విన గోడల మీదే ఆయన శాస్త్రం చదివారు. నివేదికలో వాళ్ల పేర్లు లేకపోయినా మన పాఠాల్లో ఈ సంగతి ఉండాలి.

మేస్త్రీ: మాష్టారూ, నాకొకటి సెప్పండి. ఆ కోడూరైటు ఇప్పుడికీ దొరుకుద్దంటారా? పాత గోతులు శానా నీళ్లతో నిండిపోనాయి.

అధ్యాపకుడు: గోతుల్లోకి దిగొద్దు. బయట పోసిన గుట్టల్లో వెతకాలి. లేత ఫెల్డ్‌స్పార్ మధ్య నారింజ, గోధుమ రంగు గింజలు కనిపిస్తే పక్కన పెట్టండి. గని వాళ్ల అనుమతి మాత్రం ముందే తీసుకోవాలి.

విద్యార్థిని: ఆ గుట్టలెక్కడున్నాయో మీకు తెలుసు కదా మేస్త్రీ గారూ. అనుమతి కాగితం నేను రాస్తాను, మీరు దారి చూపిస్తారా?

మేస్త్రీ: పొద్దున్నే రావాలమ్మా. ఎండెక్కితే ఆ గుట్టల మీద నిలబడలేం.