గీజర్‌లో ఎర్ర బటన్ నొక్కే ముందు ఇది చూడండి

నమస్కారమండి. ధనుర్మాసం వచ్చిందంటే మన కోనసీమలో నాకొచ్చే ఫోన్లు దాదాపు అన్నీ ఒకటే, "లైటు వెలుగుతోంది గానీ నీళ్ళు వేడెక్కట్లేదండి" అని. నెలల తరబడి ఆపేసిన గీజర్‌ని, సంక్రాంతికి కూతురూ అల్లుడూ వస్తున్నారనగా ఆన్ చేస్తాం కదా, అప్పుడు బయటపడుతుంది. రీసెట్ ఎలా చేయాలో ఇవాళ చూపిస్తాను. కానీ అది ఎందుకు ఆగిందో తెలుసుకోకుండా బటన్ నొక్కుతూ పోవద్దు.

ముందు కరెంటు. బాత్రూం స్విచ్ ఆపితే చాలదు, మెయిన్ బోర్డులో గీజర్‌కి ఇచ్చిన ఎంసీబీ, అంటే ఆటోమేటిక్‌గా పడిపోయే ఆ చిన్న స్విచ్, దించేయండి, ప్లగ్ ఉంటే పీకేయండి. టెస్టర్‌ని మొదట కరెంటున్న వేరే సాకెట్‌లో పెట్టి వెలుగుతోందో లేదో చూసుకోండి, ఆ తర్వాతే గీజర్ వైర్ల దగ్గర పెట్టండి. ఎందుకంటే పాడైపోయిన టెస్టర్ ఎక్కడ పెట్టినా వెలగదు, మనం కరెంటు లేదనుకుని చెయ్యి పెట్టేస్తాం. చేతులు, నేల పొడిగా ఉండాలి, కాళ్ళకి చెప్పులుండాలి. వారంటీ ఉన్నా, వైర్లంటే భయమున్నా మూత విప్పకండి, మెకానిక్‌ని పిలవండి.

సరే, కింద మూత స్క్రూలు తీశాను. కెమెరా దగ్గరికి తెస్తున్నా, ఇదిగో, శనగగింజంత ఎర్ర బటన్. దీన్ని థర్మల్ కటౌట్ అంటారు. కొన్ని మోడళ్ళలో థర్మోస్టాట్‌లోనే కలిసి ఉంటుంది. థర్మోస్టాట్ పనేమిటంటే, నీళ్ళు తగినంత కాగాక కరెంటు ఆపడం, చల్లారాక మళ్ళీ ఇవ్వడం. అది సరిగ్గా పనిచేయక నీళ్ళు మరీ మరిగిపోతుంటే కటౌట్ కరెంటు మొత్తం ఆపేస్తుంది, దీన్నే ట్రిప్ అవడం అంటాం, మనం నొక్కితే తప్ప మళ్ళీ కలవదు. గీజర్ చల్లారనిచ్చి ఇలా గట్టిగా నొక్కండి... "టక్" మంది, విన్నారా? ఆ శబ్దం రాలేదంటే చాలావరకు అది ట్రిప్ కాలేదన్నమాట, లోపం వేరే చోట ఉంది.

మూత బిగించి, వేడినీళ్ళ కుళాయి తిప్పి ధార ఆగకుండా వస్తోందని చూసుకున్నాకే ఎంసీబీ ఎత్తండి. 15 లీటర్ల, 2000 వాట్ల గీజర్‌లో నీళ్ళు 25 నుంచి 60 డిగ్రీలకి రావడానికి 20 నిమిషాల దాకా పడుతుంది. ఓల్టేజీ 180కి పడిపోయిందనుకోండి, అదే గీజర్ 1200 వాట్లే లాగుతుంది, అప్పుడు అరగంట. అది గీజర్ లోపం కాదు, ఊరికే విప్పకండి.

రెండు రోజుల్లో మళ్ళీ ట్రిప్ అయితే మాత్రం బటన్ జోలికి వెళ్ళకండి. థర్మోస్టాట్ అతుక్కుపోయి ఉండొచ్చు, లేదా లోపల ఎలిమెంట్‌కి, అంటే నీళ్ళు కాచే కడ్డీకి, పెచ్చు కట్టి ఉండొచ్చు. సముద్రం వైపు, అంతర్వేది, అల్లవరం, నరసాపురం పక్కన బోరు నీళ్ళు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. చూడండి, ఇది మా పెద్దమ్మ గారింట్లో తీసిన ఎలిమెంట్. వేలి మందాన తెల్లగా, గుల్లసున్నం ముద్దలాగా. ఈ పెచ్చు మధ్యలో ఉంటే వేడి నీళ్ళలోకి వెళ్ళదు, ఎలిమెంటే కాలిపోతుంది. పక్కన ఉన్నది మెగ్నీషియం కడ్డీ, ట్యాంకు తుప్పు పట్టకుండా తను అరిగిపోవడమే దాని పని. ఇది చెరుకుపిప్పిలా అయిపోయింది. ఉప్పు నీళ్ళున్న ఇంట్లో ఏడాదికోసారైనా ఈ రెండూ తీయించి చూడాలి.

ఆ ఇంటికి ముందొచ్చిన మెకానిక్, ట్రిప్ అవుతోందని కటౌట్ తీసేసి వైర్లు డైరెక్ట్ ఇచ్చేశాడు. నీళ్ళు బాగానే కాగాయి, ఇంట్లో అందరూ సంతోషించారు కూడా. నాకు మూత విప్పగానే కాళ్ళు వణికాయి, ఎందుకంటే కటౌట్ లేకపోతే నీళ్ళు మరీ మరిగిపోతున్నా ఆపేది ఏదీ ఉండదు, ఇద్దరు మనవలు రోజూ దాని కిందే స్నానం చేస్తున్నారు. "డైరెక్ట్ కొట్టేస్తానండి" అని ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోకండి.

నీళ్ళు కాగేటప్పుడు పక్కనున్న వాల్వ్ నుంచి నాలుగు చుక్కలు పడటం మామూలే, నీళ్ళు వేడికి ఉబ్బుతాయి కాబట్టి. దానికి ఎంసీల్ లాంటి గట్టిపడే ముద్ద పెట్టి మూసేయొద్దు, ఆ ప్రెషర్ ట్యాంకు మీద పడుతుంది. ఇక ఆన్ చేయగానే ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్, పడిపోతుంటే, ఎలిమెంట్ పగిలి కరెంటు నీళ్ళలోకి వస్తోందేమో. మళ్ళీ మళ్ళీ ఎత్తకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఎండాకాలం ఆపేసేటప్పుడు ట్యాంకు నీళ్ళు వదిలేయించడం మంచిది. అలా వదిలేశాక స్విచ్ మీద ఒక కాగితం అంటించండి, "నీళ్ళు నింపాకే ఆన్ చేయాలి" అని. ఖాళీ ట్యాంకుకి కరెంటిస్తే ఎలిమెంట్ నిమిషాల్లో కాలిపోతుంది. మా ఇంట్లో అంటించిన కాగితం ఇదిగో, పెద్ద అక్షరాలతో మా అమ్మే రాసింది.