చివరి వారాల్లో వదిలేయకూడని పని

(కాకినాడలో ఇంజినీరింగ్ విద్యార్థుల సమావేశంలో ఒక పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగం)

మాస్టార్లకూ మేడమ్‌లకూ నమస్కారం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, జర్మనీకి అప్లై చేసినవాళ్లు ఎంతమందని ఇందాక అడిగితే సగం చేతులు లేచాయి. నాకేం ఆశ్చర్యం అనిపించలేదు. 2023-24 శీతాకాలం సెమిస్టర్‌లో అక్కడి యూనివర్సిటీల్లో మనదేశం పిల్లలు దాదాపు 49 వేల మంది. విదేశీ విద్యార్థుల్లో చైనాను కూడా దాటి మనమే ముందున్నాం. కాబట్టి ఎలా వెళ్లాలో చెప్పేవాళ్లకు కొదవలేదు. అక్కడి ఖర్చులకు డబ్బుందని చూపించే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, మన చదువు కాగితాలు అసలువేనని ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, ఇవన్నీ మీకు ఇప్పటికే కంఠతా వచ్చి ఉంటాయి. నేను మాత్రం చదువు అయిపోవస్తున్న ఆఖరి వారాల గురించి, ఆ వారాల్లో కూడా నేను మానకుండా చేసిన ఒక పని గురించి, అంటే లేనివాళ్లకు ఆహారం పంచే కేంద్రంలో జీతం లేకుండా చేసిన పని గురించి మాట్లాడతాను.

ఆ వారాలు ఎలా ఉంటాయంటే, అన్నీ ఒకేసారి మీదపడతాయి. థీసిస్ రిజిస్టర్ చేసిన రోజే ఎప్పటిలోగా ఇవ్వాలో తేదీ పడిపోతుంది, ఆ తేదీని సులభంగా వెనక్కి జరపనివ్వరు. గది ఖాళీ చేయాలంటే మామూలుగా మూడు నెలల ముందే కాగితం మీద రాసివ్వాలి. రేడియో, టీవీ రుసుమని నెలకు 18.36 యూరోలు కడుతుంటాం, దాన్ని మనమే రాసి ఆపించుకోవాలి. దేశం వదిలి వచ్చేవాళ్లు అక్కడి అడ్రస్ నమోదు రద్దు చేయించుకోవాలి. ఉండిపోయేవాళ్లు ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే 18 నెలల పర్మిట్‌కు అప్లై చేసి, పిలుపు కోసం చూడాలి. ఇంకోపక్క ఇంటి నుంచి ఫోన్లు, "ఎప్పుడొస్తున్నావమ్మా, టికెట్ తీసుకున్నావా" అని. ఇన్నిటి మధ్య దేన్నో ఒకదాన్ని మానుకోవాలి కదా. మొట్టమొదట మానేసేది జీతం రాని పనే. నా తోటివాళ్లు చాలామంది అదే చేశారు. వాళ్ల ఒత్తిడి నాకు తెలుసు, తప్పుపట్టను. అయినా ఆ పని ఎందుకు మానకూడదో మీకు చెప్పాలనే వచ్చాను.

బెర్లిన్‌లో బెర్లినర్ టాఫెల్ అనే సంస్థ ఉంది. 1993లో సబీనె వెర్ట్ అనే ఆవిడ ఇంకొందరు ఆడవాళ్లతో కలిసి మొదలుపెట్టారు. ఇలా ఆహారం పంచే సంస్థల్ని జర్మనీలో టాఫెల్ అంటారు, వాటిలో అదే మొదటిది. ఇప్పుడు దేశమంతా 900కు పైగా ఉన్నాయి. సూపర్‌మార్కెట్లలో, బేకరీల్లో అమ్ముడుపోకుండా మిగిలిన సరుకు చెత్తలోకి పోకుండా తెచ్చి, ఏరి, చాలీచాలని ఆదాయంతో బతికేవాళ్లకు పంచుతారు. 2005 నుంచి ఈ సంస్థ, చర్చిలు, ఆర్‌బీబీ అనే రేడియో-టీవీ సంస్థ కలిసి బెర్లిన్‌లో పేటపేటనా పంపిణీ కేంద్రాలు నడుపుతున్నాయి. ఆ ఏర్పాటు పేరు లైబ్ ఉండ్ జేలె. వెడ్డింగ్ అనే పేటలో, అలాంటి ఒక చర్చి హాల్లో వారానికి ఒక పూట నేను పనిచేసేదాన్ని.

పొద్దున్నే వ్యాను వస్తుంది. పెట్టెలు దింపుకుని బల్లల మీద పరిచి ఏరడం మొదలుపెడతాం. స్ట్రాబెర్రీ డబ్బా తెరిచి, బూజు పట్టిన పండునూ దాన్ని ఆనుకున్నవాటినీ తీసేసి మిగతావి వేరే డబ్బాలో సర్దుతాం. ప్యాకెట్ల మీద తేదీలు రెండు రకాలుంటాయి. పెరుగు డబ్బా మీద ఉండేది కనీసం అప్పటిదాకా బాగుంటుందని చెప్పే తేదీ. అది దాటినా మూత తీసి, చూసి, వాసన చూసి, బాగుంటే తినొచ్చు. కీమా మాంసం మీద ఉండే తేదీ అలాంటిది కాదు, ఆ రోజు దాటిందంటే ఎవరికీ ఇవ్వకూడదు. ఈ రెండింటికీ తేడా తెలియక ఇళ్లల్లో ఎంత మంచి తిండి పారేస్తారో అక్కడ పనిచేశాకే నాకు అర్థమైంది.

పంపిణీ మధ్యాహ్నం. అందరికంటే ముందొచ్చి ఎండలో, మంచులో నిలబడాల్సిన పని లేకుండా చీటీలు తీయించి నంబర్లు ఇస్తారు. ఒకటి రెండు యూరోలు నామమాత్రంగా తీసుకుంటారు. ఆదాయం తక్కువని చూపించే కాగితం అడుగుతారు, ఆ పేట పిన్‌కోడ్‌ వాళ్లకే ఇస్తారు. మొదట్లో నాకిది మింగుడుపడలేదు. డొక్కా సీతమ్మగారి గురించి వింటూ పెరిగినదాన్ని. మన అన్నదానంలో పంక్తిలో కూర్చున్నవాణ్ణి నువ్వెవరని అడగం. కానీ అక్కడ వచ్చే సరుకు ఇంతే అని ముందే తెలుసు, అడిగేవాళ్లు ఎక్కువ. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక జనం ఎంత పెరిగారంటే, చాలాచోట్ల కొత్తవాళ్లను చేర్చుకోవడమే ఆపేయాల్సి వచ్చింది. ఆ లెక్క లేకపోతే గట్టిగా అడగలేనివాళ్లకు ఏమీ మిగలదు.

ఇక అసలు విషయం. కూరగాయల బల్ల నాది. ఒక పెద్దావిడ వచ్చేవారు, పింఛను మీద బతికేవారు. వేళ్లు వంకర్లు పోయి కత్తి పట్టుకోలేరు. గుమ్మడికాయ, నూల్‌కోల్ లాంటివి ఇస్తే ఆవిడకు ఉపయోగం లేదు. చిన్న బంగాళాదుంపలు కావాలి, తొక్కతోనే ఉడకబెట్టుకుంటారు. టిన్నులైతే రింగు లాగితే ఊడే మూత ఉన్నవే కావాలి. ఆవిడ నోరు తెరిచి ఎప్పుడూ అడగలేదు. కొన్ని వారాలు ఆవిడ ఏం తీసుకుంటున్నారో, ఏం వదిలేస్తున్నారో గమనించి తెలుసుకున్నాను. సిరియా నుంచి వచ్చిన ఒకాయన పిల్లల కోసం పెరుగు తీసుకుంటూ, జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉందేమోనని డబ్బా వెనక్కి తిప్పి చూసేవారు. నేను శాకాహారిని, నేనూ అలాగే చూసుకుంటాను. అందుకని జెలటిన్ లేనివి ముందే తీసి ఒకపక్క పెట్టేదాన్ని.

ఇవేవీ ఏ రిజిస్టర్లోనూ ఉండవు. నా బుర్రలో ఉంటాయి. నేను ఒక వారం చెప్పకుండా మానేస్తే నా బదులు ఎవరో నిలబడతారు, పంపిణీ ఆగదు. కానీ ఆ పెద్దావిడ సంచిలో గుమ్మడికాయ పడుతుంది. ఆవిడ థాంక్స్ చెప్పి ఇంటికి తీసుకెళ్తారు.

అందుకే వెళ్లిపోతున్నానని కేంద్రం చూసుకునే ఆవిడకు చాలా ముందే చెప్పాను. ఆవిడ నా పక్కన ఒక ఉక్రెయిన్ ఆమెను నిలబెట్టారు. ఆమె మొదట సరుకు తీసుకోవడానికి వచ్చి, తర్వాత పనిలో చేరారు. తీసుకునే వరుసలో నిలబడ్డ మనిషి కాబట్టి ఆమెకు నేను నేర్పాల్సింది తక్కువే. ఎవరు దేన్ని అడగడానికి మొహమాటపడతారో నాకంటే ఆమెకే బాగా తెలుసు. థీసిస్ ఆఖరి చాప్టర్ రాస్తున్న రోజుల్లో కూడా ఆ పూటకు వెళ్లాను. ఒక్కొక్కరినీ ఆమెకు పరిచయం చేశాను, ఆమెను వాళ్లకు పరిచయం చేశాను. పెద్దావిడ దగ్గరికొచ్చేసరికి రింగు మూత టిన్నులు ఎక్కడ దాచానో చూపించాను.

ఇలాంటి దానధర్మాల వల్ల ప్రభుత్వం బాధ్యత తప్పించుకుంటుందని అక్కడ కొందరు విమర్శిస్తారు. ఆ విమర్శలో నిజం ఉంది. ఒంటరి మనిషికి 2024లో ప్రభుత్వం ఇచ్చిన భృతి, ఇంటి అద్దె కాక నెలకు 563 యూరోలు. టాఫెల్ వాళ్లు కూడా మాది ఊతమే, పూర్తి పోషణ కాదని చెప్పేస్తారు. భృతి పెంచమని అడగాల్సిందే. అంతవరకూ ఆ వ్యాను రావాల్సిందే.

మీరు అక్టోబర్‌లో దిగుతారు. క్లాసులు, బ్యాంకు, ఇన్సూరెన్స్ కుదుటపడ్డాక మొదటి సెమిస్టర్‌లోనే దగ్గర్లోని కేంద్రానికి వెళ్లండి. ఆఖర్లో సేవ చేశామన్న సర్టిఫికెట్ కోసం వెళ్తే మనుషుల్ని తెలుసుకునే వ్యవధి ఉండదు. జర్మన్ కొంచెమే వచ్చినా ఫర్వాలేదు, అక్కడ పనిచేసేవాళ్లలో రిటైరైనవాళ్లు చాలామంది, బరువైన పెట్టెలు దింపడానికి కుర్రాళ్లు కావాలి. ఏ రోజు వస్తామన్నారో ఆ రోజు వెళ్లండి, తిరిగొచ్చేసేటప్పుడు మీ బల్ల ఇంకొకరికి అప్పగించి రండి.

బెర్లిన్‌లో సీటు వచ్చినవాళ్లు సమావేశం అయ్యాక ఆగండి, ఎలా చేరాలో, ఎవరితో మాట్లాడాలో విడిగా చెబుతాను. వీసా ప్రశ్నలుంటే ఇప్పుడే అడగండి.